మూడు ఫేజుల లేత్, ఒకే ఫేజు ఇల్లు

మూతపడిన ఫౌండ్రీల ప్యాటర్న్ షాపుల నుంచి, పాత ఫర్నిచర్ కార్ఖానాల నుంచి పోత ఇనుప కర్ర లేత్‌లు (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రాలు) అప్పుడప్పుడు తుక్కు ధరకు దొరుకుతుంటాయి. నలుగురు పట్టినా కదలని బరువు, ఏళ్ళ తరబడి పేరుకున్న రంపపు పొట్టు, కింద ఎక్కడో నల్లగా మాడిన రంగులో ఒక మోటారు. కొన్నవారు దాన్ని ఇంటికి చేర్చాక మొదట అడిగే ప్రశ్న ఒకటే: మోటారుకు మూడు ఫేజులు కావాలి, మా ఇంట్లో ఒకటే ఉంది, మిగిలిన రెండూ ఎక్కడి నుంచి తేవాలి?

ఈ ప్రశ్నకు జవాబు సులువే. అరచేతికి కాస్త పెద్దదైన ఒక పెట్టె ఆ పని చేసిపెడుతుంది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నేను నా లేత్‌ను తిప్పడానికి తంటాలు పడ్డ రెండు నెలల్లో తెలుసుకున్నది ఇదే: ఇంట్లో ఎదురయ్యేది ఫేజుల సమస్య కాదు, వోల్టుల సమస్య. ఆ సంగతి మోటారు మీది రేకుపై రాసే ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే పెట్టె కొంటారు, తర్వాత మోటారుకు బలం లేదని బాధపడతారు.

అందుకే మొదటి పని గుడ్డ ముక్కకు కిరోసిన్ రాసి నేమ్ ప్లేటు తుడవడం. నా మోటారు మీద ఉన్నవి ఇవి: 1 హెచ్.పి., 415 వోల్టులు, 50 హెర్ట్జ్, 1.8 ఆంపియర్లు, నిమిషానికి 1420 చుట్లు, స్టార్ (లోపలి తీగచుట్ల కొసలను కలిపిన పద్ధతి). ఈ ఆరింటిలో ఒక్కటీ వృథా మాట కాదు. ముఖ్యంగా ఆ చివరి మాట మీదే కథంతా నడుస్తుంది.

అంతకంటే ముందు మోటారు ఎలా తిరుగుతుందో ఒకసారి చూడాలి. త్రీ ఫేజ్ మోటారు లోపల తీగతో చుట్టిన మూడు చుట్లు (వైండింగులు) గుండ్రంగా అమర్చి ఉంటాయి. మూడు ఫేజుల్లో కరెంటు ఒకేసారి పెరిగి తగ్గదు, ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉచ్చదశకు వస్తుంది. దాంతో అయస్కాంత క్షేత్రమే లోపల గిరగిరా తిరుగుతుంది, మధ్యలో తిరిగే భాగమైన రోటరు దాని వెంట పరుగెత్తుతుంది. మన 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగే) కరెంటుకు నాలుగు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) మోటారులో ఆ క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటరు కొంచెం వెనకబడుతుంది కాబట్టి రేకు మీద 1420 అనో 1440 అనో కనిపిస్తుంది. ఒకే ఫేజు ఇస్తే క్షేత్రం తిరగదు, ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మోటారు మూలుగుతుంది కానీ కదలదు, కాసేపు అలాగే వదిలేస్తే చుట్లు కాలిపోతాయి. వ్యవసాయ మోటార్లున్న ఊళ్ళో పెరిగినవారికి ఈ మూలుగు కొత్త కాదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు బావి దగ్గర వినిపించేది అదే.

ఖర్చు పెట్టే ముందు మీటరు దగ్గరికి వెళ్ళి చూడండి. ఏసీలు, పెద్ద గీజర్లు ఉన్న సొంత ఇళ్ళలో చాలావాటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఇప్పటికే ఉంటుంది, ఇంట్లోవాళ్ళకే ఆ సంగతి తెలియదు. స్తంభం నుంచి మీటరుకు నాలుగు తీగలు వస్తుంటే మీ సమస్య సగం తీరినట్టే. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత లేత్ వరకు త్రీ ఫేజ్ లైను లాగించి, కరెంటు మోతాదు మించితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టరు, ఒక ఫేజు పోతే ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టిస్తే మోటారును ముట్టుకునే పనే లేదు. రెండే తీగలు వస్తుంటే మాత్రం ముందుకు చదవాలి.

దారులు నాలుగున్నాయి. వాటిలో మన రైతులకు బాగా తెలిసినది కెపాసిటరు. మూడో తీగకు కెపాసిటరు ద్వారా కరెంటు ఇస్తే దాని దశ కొంచెం జరుగుతుంది, క్షేత్రం ఎలాగోలా తిరగడం మొదలుపెడుతుంది. మూడు ఫేజులూ సరిగా రాని రోజుల్లో బోరు మోటార్లను ఇలా తిప్పినవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. అయితే పంపు మీద బరువు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది, దానికి సరిపోయే కెపాసిటరు ఎంచుకోవచ్చు. లేత్ అలా కాదు. ఉలి ఆనించినప్పుడు బరువు, తీసినప్పుడు ఖాళీ. ఒక బరువుకు కుదిరిన కెపాసిటరు ఇంకో బరువుకు కుదరదు. ఖాళీగా తిరిగేటప్పుడే ఒక చుట్టులో కరెంటు ఎక్కువై మోటారు వేడెక్కుతుంది, బరువు పడినప్పుడు అసలు బలంలో మూడింట రెండు వంతులు వస్తే గొప్ప. పంపుకు పనికొచ్చిన ఉపాయం కర్ర చెక్కే యంత్రానికి పనికిరాదని నా అభిప్రాయం.

రెండో దారి పాత మోటారు తీసేసి సింగిల్ ఫేజ్ మోటారు పెట్టడం. తప్పు లేదు, చవక కూడా. కానీ సింగిల్ ఫేజ్ మోటారుకు శక్తి అలలు అలలుగా, సెకనుకు 100 సార్లు అందుతుంది. ఆ సన్నని అదురు బెల్టు ద్వారా స్పిండిల్‌కు (కర్రను తిప్పే ఇరుసుకు) చేరి, నునుపు కావలసిన కర్ర మీద గీతలుగా కనిపించే అవకాశం ఉంది. కొత్త మోటారు ఇరుసు పాత పుల్లీ రంధ్రానికి సరిపోకపోవచ్చు కూడా. మూడో దారి ఇంకో పెద్ద త్రీ ఫేజ్ మోటారును ఖాళీగా తిప్పి, దాని నుంచి మూడో ఫేజు పుట్టించే రోటరీ కన్వర్టరు. నాలుగైదు యంత్రాలున్న షెడ్డుకు అది బాగుంటుంది, ఒక్క లేత్ కోసం ఇంట్లో రోజంతా ఆ హోరు అనవసరం.

నాలుగోది వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్), మొదట్లో చెప్పిన పెట్టె ఇదే. దుకాణాల్లో డ్రైవ్ అనీ, ఇన్వర్టర్ అనీ కూడా అంటారు. కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టరు ఇది కాదు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని (దిశ మారుతూ వచ్చే కరెంటును) ఇది ముందు డీసీగా (ఒకే దిశలో పోయే కరెంటుగా) మారుస్తుంది. ఆ డీసీని సెకనుకు కొన్ని వేల సార్లు ముక్కలుగా కోసి, మూడు తీగల్లో ఒకదాని వెనక ఒకటి వచ్చే మూడు ఫేజులుగా తయారుచేస్తుంది. ఫేజులే కాదు, హెర్ట్జ్ కూడా మన చేతిలోకి వస్తుంది. ఒక గుండీ తిప్పితే 10 హెర్ట్జ్, ఇంకా తిప్పితే 60. కాబట్టి మోటారు వేగం మనం చెప్పినట్టు వింటుంది. లేత్‌కు ఇంతకంటే కావలసింది లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 230 వోల్టులు మింగిన పెట్టె మూడు ఫేజులు ఇవ్వగలదు కానీ 415 వోల్టులు ఇవ్వలేదు. లోపలి డీసీ ఎత్తు సుమారు 325 వోల్టులే, దాని నుంచి తీగకూ తీగకూ మధ్య 230కి మించి రాదు. రేకు మీద 415 అని ఉన్న మోటారుకు 230 ఇస్తే తిరుగుతుంది, ఖాళీగా ఉన్నంతసేపు చక్కగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఉలి ఆనించగానే నీరసపడుతుంది. మోటారు తిప్పే బలం దాదాపు వోల్టుల వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టులు 55 శాతానికి పడితే బలం మూడో వంతుకు దిగుతుంది.

దీనికి మందు మోటారులోనే ఉంది. 415 వోల్టులు అన్నది తీగకూ తీగకూ మధ్య లెక్క. లోపలి ఒక్కో చుట్టుకు నిజంగా ఎంత అందుతుందో చూడాలి. మూడు చుట్లకు ఆరు కొసలు. వాటిలో మూడు కొసలను ఒకచోట ముడివేసి, మిగిలిన మూడింటికి తీగలు కలిపితే అది స్టార్. స్టార్‌లో ఏ రెండు తీగల మధ్యనైనా రెండు చుట్లు వరసగా నిలబడి 415ను పంచుకుంటాయి. ఫేజుల మధ్య దశ తేడా ఉంది కాబట్టి ఒక్కో చుట్టు మీద పడేది అందులో సగం కాదు, 240. ఒక చుట్టు చివరను ఇంకో చుట్టు మొదలుకు కలుపుతూ త్రికోణంగా చేస్తే అది డెల్టా. డెల్టాలో రెండు తీగల మధ్య ఒకే చుట్టు నేరుగా నిలబడుతుంది, తీగల మధ్య ఉన్న వోల్టులన్నీ దానికే.

అంటే స్టార్‌లో 415 మీద నడిచే మోటారుకు చుట్టుకు కావలసింది 240 వోల్టులే. అదే మోటారును డెల్టాగా మార్చి 230 ఇస్తే చుట్టుకు తేడా తెలియదు. బలం అంతే, వేగం అంతే, వేడి అంతే. మారేది ఒక్కటి: తీగలో కరెంటు 1.73 రెట్లు పెరుగుతుంది. నా మోటారు 1.8 ఆంపియర్లది కాబట్టి డెల్టాలో 3.1 ఆంపియర్లు. డ్రైవ్ కొనేటప్పుడు దాని హెచ్.పి. కంటే ముందు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చూడమనేది అందుకే. నాకు నాలుగు ఆంపియర్లకు పైగా ఇచ్చేది సరిపోయింది.

టెర్మినల్ బాక్సు మూత తీస్తే ఆరు బోల్టులు, వాటి మధ్య ఇత్తడి పట్టీలు కనిపిస్తే మీరు అదృష్టవంతులు. పట్టీలు అడ్డంగా ఒక వరసను కలుపుతుంటే స్టార్, మూడూ నిలువుగా ఉంటే డెల్టా. పట్టీలు విప్పి తిప్పి బిగిస్తే పది నిమిషాల పని. మన దేశంలో మాత్రం మోటార్ల తయారీలో ఒక ఆనవాయితీ ఉంది. సాధారణంగా 2 హెచ్.పి. వరకు మోటార్లను స్టార్‌లో కట్టి, మూడు కొసలే బయటికి ఇస్తారు. ముడి లోపలే ఉండిపోతుంది. 3 హెచ్.పి., ఆ పైన మోటార్లను 415 వోల్టులకే డెల్టాగా చుట్టి, స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టరు కోసం ఆరు కొసలూ బయటికి ఇస్తారు. ఇళ్ళకు వచ్చే లేత్‌లు ఎక్కువగా 1 లేదా ఒకటిన్నర హెచ్.పి.వి. అందుకే మూత తీస్తే మూడే తీగలు.

అప్పుడు లోపలి ముడి వెతకాలి. పక్క మూత విప్పి రోటరును బయటికి తీస్తే, చుట్ల అంచున దారంతో కట్టి వార్నిష్ పోసిన కట్ట ఉంటుంది. అందులో ఎక్కడో స్లీవు కింద మూడు కొసలు కలిసి అతికి ఉంటాయి. ఆ దారం జాగ్రత్తగా కోసి, ముడి విడదీసి, ఒక్కో కొసకు కొత్త తీగ అతికి, స్లీవు తొడిగి, మళ్ళీ దారం కట్టి వార్నిష్ పోయాలి. ఆ మూడు కొత్త తీగలూ బయటికి వస్తే ఆరు కొసల మోటారు మీ చేతిలో ఉన్నట్టే. ఇంగ్లండ్‌లో పాఠశాలల వడ్రంగి గదుల నుంచి బయటికొచ్చిన హారిసన్ గ్రాడ్యుయేట్ లేత్‌లను కొని ఇళ్ళలో తిప్పుకుంటున్నవారిలో కూడా, పాత మోటారు దొరికినవారు ఎన్నో ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నారు. మనకు ఒక వెసులుబాటు ఎక్కువ. చాలా మండల కేంద్రాల్లో మోటారు వైండింగ్ షాపు ఉంటుంది, చుట్లను చేత్తో తడిమి ఎక్కడ ముడి ఉందో చెప్పగలిగిన పనివాళ్ళు ఉంటారు.

వాళ్ళతో మాట్లాడే తీరు ముఖ్యం. నేను మొదట వెళ్ళిన చోట "సింగిల్ ఫేజ్‌లో నడవాలి" అన్నాను. మొత్తం చుట్లు పీకి సింగిల్ ఫేజ్‌గా చుట్టాలన్నారు. నా మాటలో అంతకు మించి అర్థం లేదు మరి. రెండో చోట "స్టార్ పాయింట్ విప్పి ఆరు లీడ్లు బయటికి తీయండి, డెల్టా కడతాను" అన్నాను. ఆ పెద్దాయన రేకు చూసి, "రేపు సాయంత్రం రండి" అన్నారు. అదే షాపులో మెగ్గర్‌తో ఇన్సులేషన్ కూడా చూపించుకోవాలి. 500 వోల్టుల మీద చుట్టుకూ బాడీకీ మధ్య కనీసం ఒక మెగాఓమ్ రావాలి. తేమ పట్టిన పాత మోటార్లు ఎండలో రెండు రోజులు ఉంచితే తేరుకోవడం మామూలే. తేరుకోకపోతే మళ్ళీ చుట్టించడమే.

మీది 3 హెచ్.పి. డెల్టా మోటారైతే ఈ కిటుకు పనిచేయదు, ఎందుకంటే దాని చుట్టుకు నేరుగా 415 కావాలి. దాన్ని 230కి తిరిగి చుట్టించవచ్చు. చుట్ల సంఖ్య 55 శాతానికి తగ్గుతుంది, తీగ మందం ఆ మేరకు పెరుగుతుంది. లేదా 230 తీసుకుని లోపలే వోల్టులు పెంచి ఇచ్చే రకం డ్రైవ్ కొనవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. మోటారుకు కావలసిన వోల్టులు హెర్ట్జ్‌తో పాటు తగ్గుతాయి. 50 హెర్ట్జ్‌కు 415 అంటే హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. ఆ లెక్కన 230 వోల్టులు సుమారు 28 హెర్ట్జ్ వరకు పూర్తి బలానికి చాలు. పెద్ద గిన్నెలు నెమ్మదిగా చెక్కడానికే లేత్ వాడేవారు 3 హెచ్.పి. మోటారును అలా సగం వేగం దాకా నడుపుకోవచ్చు. డ్రైవ్‌లో మాత్రం 415, 50 అనే అంకెలే ఇవ్వాలి.

ఇక తీగలు కలిపే పని. దీన్ని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, లేదా అతను పక్కన ఉండగా చేయండి. 1 హెచ్.పి. మోటారుకు డ్రైవ్ గోడ నుంచి ఆరేడు ఆంపియర్లు లాగగలదు. 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలదు, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి ప్రత్యేకంగా ఒక ఎంసీబీ కావాలి. ఎర్తు తీగ డ్రైవ్‌కూ, మోటారుకూ, లేత్ బెడ్‌కూ (దాని ఇనుప ఒంటికీ) మూడింటికీ కలవాలి. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఏ స్విచ్చూ ఉండకూడదు. పాత యంత్రం మీదున్న స్టార్టరు ఎంత అందంగా ఉన్నా దాన్ని ఆ దారిలోంచి తీసేయాలి. నడుస్తుండగా మధ్యలో తెంపితే డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్లు దెబ్బతినవచ్చు. డ్రైవ్ పెట్టె తెరిచే ముందు కరెంటు తీసి కనీసం పది నిమిషాలు ఆగాలి, లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన 325 వోల్టులు అప్పటిదాకా నిలిచి ఉంటాయి. పొట్టు లోపలికి పోకుండా దాన్ని లేత్‌కు దూరంగా, గాలి తగిలే గోడ మీద బిగించాలి. మోటారు వరకు తీగ రెండు మూడు మీటర్లకు మించకపోతే పాత ఇన్సులేషన్ మీద ఒత్తిడి తక్కువ.

ఆ పాత స్టార్టరు తీసేస్తున్నప్పుడు అది చేసిన ఒక మేలు మరవకూడదు. కరెంటు పోతే దానిలోని కాయిల్ వదిలేస్తుంది, కరెంటు తిరిగి వచ్చినా మనం ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా యంత్రం కదలదు. డ్రైవ్‌కు మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చు పెడితే, కరెంటు పోయి వచ్చిన క్షణంలో లేత్ తనంతట తాను తిరగవచ్చు. అప్పుడు మీ చేయి చక్ (కర్రను బిగించే పట్టు) మీద ఉండవచ్చు. అందుకే నొక్కి వదిలే రెండు బటన్లు పెట్టి, డ్రైవ్‌లో మూడు తీగల కంట్రోల్ పద్ధతి ఎంచుకోండి, అప్పుడు కరెంటు తిరిగి వచ్చినా బటన్ నొక్కేదాకా లేత్ కదలదు. కోతలు ఉన్న మన ఊళ్ళలో దీన్ని అన్నిటికంటే ముందు సరిచూడాలంటాను.

డ్రైవ్‌లో ఇవ్వవలసిన అంకెలు రేకు మీదివే: హెర్ట్జ్, నిమిషానికి చుట్లు, డెల్టాకు మారిన 230 వోల్టులు, 3.1 ఆంపియర్లు. దీని వల్ల మోటారుకు ఓవర్‌లోడ్ రక్షణ కూడా దొరుకుతుంది. ఆపడానికి పట్టే సమయం మాత్రం కాస్త ఎక్కువ ఇవ్వండి, ఎనిమిది పది సెకన్లు. పాత లేత్‌లలో చక్, ఫేస్‌ప్లేటు (కర్రను బిగించే పళ్ళెం) స్పిండిల్ మరల మీద బిగుస్తాయి, మామూలు దిశలో తిరిగేటప్పుడు వాటంతట అవే బిగుసుకుంటాయి. డ్రైవ్ స్పిండిల్‌ను ఠక్కున ఆపితే బరువైన గిన్నె ఆగదు, తన వేగంతో మర విప్పుకుని మీ వైపు దూకుతుంది. అదే కారణంతో వెనక్కి తిప్పే బటన్‌ను డ్రైవ్‌లోనే మూసేయాలి.

డ్రైవ్ ఉంది కదా అని మెట్ల పుల్లీని (బెల్టు జరిపి వేగం మార్చుకునేది) వదిలేయకండి. డ్రైవ్‌తో 25 హెర్ట్జ్‌కు దిగితే తిప్పే బలం అలాగే ఉంటుంది కానీ మొత్తం శక్తి సగమవుతుంది, మోటారు వెనక ఫ్యాను కూడా సగం వేగంతోనే తిరిగి చల్లదనం తగ్గుతుంది. బెల్టును నెమ్మది మెట్టు మీదికి మార్చి 50 హెర్ట్జ్ దగ్గర నడిపితే, అదే వేగంలో రెట్టింపు బలం. గిన్నెలకు నేను బెల్టు కింది మెట్టులోనే ఉంచి, సన్నని సవరింపుకే డ్రైవ్ వాడతాను. వేగం ఎంతన్న దానికి పనివాళ్ళ లెక్క ఒకటుంది: అంగుళాల్లో వ్యాసాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చిస్తే 6000కూ 9000కూ మధ్య ఉండాలి. పన్నెండు అంగుళాల గిన్నెకు 500 నుంచి 750. అదే గిన్నెను 1440 దగ్గర తిప్పితే దాని అంచు గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది. పాత లేత్‌లలో చాలావాటికి కనీస వేగమే ఎక్కువ, డ్రైవ్ తెచ్చే పెద్ద లాభం అక్కడే.

మన తెలుగులో ఈ యంత్రానికి తరిమెన అనే పేరుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను ఒకప్పుడు తాడు లాగి తిప్పుతూ చెక్కేవారు, ఇప్పుడు మోటార్లు వచ్చాయి. అక్కడ తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో దాన్ని సాగదీసి మెరుపు తెస్తారు. వేగం తక్కువైతే లక్క కరగదు, ఎక్కువైతే చిమ్ముతుంది. గుండీతో వేగం మార్చుకునే వీలు దొరికాక నేను మొదట ప్రయత్నించింది లక్క పనే.

ఇనుము సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఓపిక తప్ప వేరే చిక్కులు లేని పని. తుప్పు పట్టిన చిన్న భాగాలను బెల్లపు మడ్డి ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి రెండు మూడు వారాలు నానబెడితే తుప్పు వదులుతుంది, మంచి ఇనుము పెద్దగా తగ్గదు. బెడ్‌ను కిరోసిన్, సన్నని గరుకు కాగితంతో రుద్దితే చాలు. గ్రైండరు పెట్టి సానబట్టి దాని సమతలాన్ని చెడగొట్టవద్దు. పాత రంగును పొడిగా గీకకండి. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 వంతులకు పరిమితం చేసిన నిబంధన అమలైనదే 2017 నవంబరులో, అంతకు ముందటి రంగులో సీసం ఉందనుకునే పని చేయాలి. తడిపి రుద్ది, ఆ బురదను పిల్లలకు దూరంగా పారేయాలి. స్పిండిల్‌ను పైకీ కిందికీ ఊపి చూస్తే కదలిక తెలిసిందంటే బేరింగులు పోయినట్టు. బాల్ బేరింగులైతే అంచు మీద అంకె చెక్కి ఉంటుంది, ఆ అంకె చెబితే ఏ బేరింగుల దుకాణంలోనైనా దొరుకుతుంది. కంచు బుష్షులైతే వాటిని తీయకుండా ముందు నూనె రంధ్రాలు శుభ్రం చేసి, నూనె పోసి చూడండి. నా లేత్‌లో కదలిక అంతా ఎండిన నూనె వల్ల వదులైన కాలరుదే తప్ప బుష్షుది కాదని అలాగే తెలిసింది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బెల్టు తీసేసి ఉంచండి. 10 హెర్ట్జ్ దగ్గర మోటారు ఏ వైపు తిరుగుతుందో చూడాలి. వెనక్కి తిరిగితే, కరెంటు తీసి పది నిమిషాలు ఆగి, డ్రైవ్ నుంచి మోటారుకు పోయే మూడింటిలో ఏ రెండు తీగలనైనా తారుమారు చేస్తే సరిపోతుంది. ఆరు కొసల్లో ఒక జత తిరగబడి ఉంటే మోటారు గరగరమంటూ ఎక్కువ కరెంటు లాగుతుంది, డ్రైవ్ తెర మీద ఆంపియర్లు చూస్తే వెంటనే తెలుస్తుంది. నెమ్మదిగా 50కి పెంచి అరగంట నడిపి, కరెంటు ఆపి మోటారు ఒంటి మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మంచిదే, చేయి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే డెల్టా కట్టు మళ్ళీ చూసుకోవాలి. తర్వాత బెల్టు వేసి, కర్ర లేకుండా స్పిండిల్‌ను ఇంకో అరగంట. ఆ అరగంటా లేత్ పక్కన నిలబడి వినండి, బేరింగుల చప్పుడు అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత రెండు కొసల మధ్య బిగించడానికి బొటనవేలంత లావు మెత్తని కర్ర ఒకటి చాలు.